స్పిరిట్టుతో తీసిన నూనె

మా ఆయన తాగుడు మానేసి రెండేళ్లు దాటాక, ఒక సాయంత్రం ఆయన చొక్కా నానబెట్టబోతే గుప్పుమని మందు వాసన కొట్టింది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"స్పిరిట్టు. నువ్వుల్లోంచి దాంతో నూనె తీస్తున్నాం."

తాగిన రోజుల్లో ఆయన చెప్పిన సాకులన్నీ నాకు కంఠతా వచ్చు. ఇంత వింతది ఎప్పుడూ చెప్పలేదు. నూనె మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, ఈమధ్యే కంకిపాడు దగ్గర ఒకాయన పెట్టిన షెడ్డులో చేరారు. అక్కడికి నన్ను రమ్మని ఒక్కసారీ అనలేదు. అన్నం వడ్డిస్తూ రోజూ ఆయన కళ్లలోకి చూసేదాన్ని. ఎర్రగానే ఉండేవి. తలనొప్పంటూ పెందలాడే పడుకునేవారు.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా బస్సెక్కాను. షెడ్డు తలుపు వేసి ఉంది. పట్టపగలు తలుపులు బిగించుకుని చేసే పనేమిటో అనుకుంటూ తట్టాను. ఆయనే తీశారు.

"చెప్పకుండా వచ్చావేంటి?"

"చెబితే అన్నీ సర్దేస్తారుగా!"

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్లారు. నలిపిన నువ్వుల్లో వేడి స్పిరిట్టు పోసి, వడగట్టిన ద్రవాన్ని గాజు జాడీలో పట్టి చల్లారనిచ్చారు. తేటగా ఉన్నది కాసేపటికి తెల్లగా మసకబారి, మెల్లగా రెండు పొరలైంది. పసుపుపచ్చనిది అడుగుకు చేరింది.

"ఆ అడుగుదే నూనె," అన్నారు.

"నూనె అడుక్కి పోద్దా ఎక్కడైనా? పైకి తేలుద్ది గానీ!"

"నీళ్లలో అయితే తేలుద్ది. స్పిరిట్టు నూనెకంటే తేలిక. వేడి మీద నూనెని కలుపుకుంటుంది, చల్లారాక వదిలేస్తుంది."

నమ్మకం కుదురుతుండగానే నాకు తల తిరిగింది. గోడ పట్టుకుని చూస్తే, కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ పట్టాలు బిగించి ఉన్నాయి. గాలి ఆడితే స్పిరిట్టు ఆవిరైపోతుందని యజమాని మూయించాడట. ఒక మూల పాత మోటారు ఒకటి చిటపటలాడుతోంది.

"మీరు తాగట్లేదు, సరే. పీలుస్తున్నారుగా! ఆ మోటారు నుంచి నిప్పురవ్వ పడితే ఏం గానండీ?"

"ఫ్యాను పెట్టిస్తానన్నాడు."

"ఎప్పుడో?"

నేను బయటికొచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను. యజమాని వచ్చి, "ఏంటమ్మా, ఇక్కడ కూర్చున్నారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన లోపల మోటారు ఆపేసి, పట్టాలు లాగి కింద పడేశారు.

"ఫ్యాను బిగించండి, మోటారు బయట పెట్టండి. అప్పుడే పనిలోకొస్తానండీ," అన్నారు.

యజమాని ముఖం మాడ్చుకున్నాడు గానీ, వారం తిరక్కుండా రెండూ చేయించాడు. మా ఆయన తలనొప్పి తగ్గింది.

తర్వాత ఒకసారి ఆ నూనె సీసాలో తెచ్చారు. స్పిరిట్టంతా ఆవిరి చేసేశామన్నారు. మా అత్తగారు మూత తీసి వాసన చూసి, పక్కన పెట్టేశారు. నేను దాంతోనే గోంగూరకి తాలింపు వేశాను. ఆయన ఇష్టంగా తిన్నారు. నేనూ తిన్నాను, రుచికి ఏ వంకా లేదు. అయినా మూత తీసినప్పుడల్లా ఆ చొక్కా వాసనే గుర్తొచ్చేది, సీసా అయిపోయాక ఇంకోటి తెమ్మని అడగలేదు.