ఉపగ్రహాలన్నీ ఆపేసి చూసిన సారు

మా సారు పోయారని ఫోన్ వస్తే నా నోట వచ్చిన మొదటి మాట, "పోతే పోనీ." పాడు నోరే, ఒప్పుకుంటాను. కానీ మీకు అబద్ధం చెప్పి నివాళి రాయలేను. పదేళ్లుగా ఆయనంటే నాకు ఒళ్లు మంట.

ఉపగ్రహాల సిగ్నల్ అందుకొని దారి చూపే రిసీవర్లను, తయారు చేయకముందే కంప్యూటర్‌లో నడిపి చూడటం మా పని. ఆకాశం, వీధులు, గోడలు అన్నీ ప్రోగ్రాములోనే ఉంటాయి. ఇరుకు సందులో సిగ్నల్ గోడలకు తగిలి తప్పుదారి పట్టిస్తుందని, సారు తాముండే పాతబస్తీ హుస్సేనీ ఆలం గల్లీనే అందులో పెట్టారు. టేపుతో గోడలు కొలుస్తుంటే మునిసిపాలిటీవాడనుకొని జనం మూగేవారట. "క్యా సాబ్, దీవార్ తోడ్తే క్యా?" అని, గోడ కూలగొడతారా అన్నట్టు అడిగేవారట. "నై భాయ్, కంప్యూటర్ల కడ్తున్న" అనేవారట ఈయన.

మహా మొండి. ఎవరు ప్రోగ్రాం తెచ్చినా ముందు అందులోని ఉపగ్రహాలన్నీ ఆపేసేవారు. అప్పుడు రిసీవర్ "స్థానం తెలియదు" అని చూపాలి. "తెల్వదు అననీకి రానోడు దారి చెప్పొద్దు" అనేవారు. మీటింగులో తెలియదన్నవాళ్లను మాత్రం ఎన్నడూ తిట్టలేదు.

నా ప్రమోషన్ ఒక్క రిపోర్టు మీద ఆగి ఉంది. నా రిసీవర్ ఆ సందులో అడుగు తేడా లేకుండా నడిచింది. సారు ఉపగ్రహాలు ఆపేశారు. అయినా నడుస్తూనే ఉంది! పరీక్ష కోసం అసలు స్థానాన్ని నేనే దానికి అందించి, ప్రోగ్రాంలో ఆ లైను తీసేయడం మరిచాను. అంటే జవాబు చూసి రాసినట్టే.

"ఇదేందమ్మా? సరిచేసి మళ్ల పట్కరా. ఎవ్వలకు చెప్పను" అన్నారు. రిపోర్టు మీద సంతకం పెట్టలేదు.

సిగ్గు కోపమైంది. "నా మీద కుళ్లు, గందుకే నా ప్రమోషన్ ఆపిండు" అని ఆఫీసంతా చెప్పాను. అందరూ నమ్మారు, ఆయనతో మాటలు మానేశారు. ఆయన ఒక్కరికీ అసలు సంగతి చెప్పలేదు. నోరు తెరిచి నన్ను నాలుగు తిట్టి ఉంటే ఏం పోయేది! ఆ మౌనానికే నేను ఆయన్ను ద్వేషించాను.

పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆఫీసు నుంచి ఇంకొక్కరే వచ్చారు. "మేడమ్‌కు సారు మస్తు అన్యాయం చేసిండు. అయినా వచ్చింది, పెద్ద మనసు" అన్నాడాయన నన్ను చూపించి. సారు భార్య తల దించుకున్నారు.

ఇక తట్టుకోలేకపోయాను. "తప్పు నాది. సారు దాన్ని కడుపుల పెట్టుకున్నడు. నేనే అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె తలెత్తారు. "రిటైరైన నాడు ఆయనకు దండెయ్యనీకి ఒక్కలు రాలే. ఇప్పుడు చెప్తున్నవా?"

లేచి వాకిట్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగారు. చివరికి నా దగ్గరకు వచ్చి, నేను కూర్చున్న కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, నేను లేవడం కోసం నిలబడ్డారు.