తలకిందుల పోస్టరు

ల్యాబులో అందరికీ ఆమె పోస్టరక్క. ఎవరు సదస్సులో పెట్టే పరిశోధన పోస్టరు తెచ్చినా ముందు నమూనా ప్రింటుని వరండా గోడకి తలకిందులుగా అంటిస్తుంది. ఆ చివరికి వెళ్లి, కళ్లజోడు తీసి, కళ్లు చికిలించి చూస్తుంది. చదవడానికి వీల్లేనప్పుడే చూపు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుందంటుంది. ఎక్కడా ఆగకపోతే కత్తెర తీస్తుంది. చూపు ఆగే చోటు దొరికేదాకా కత్తిరిస్తూనే ఉంటుంది. ఈసారి ఆ గతి తన పోస్టరుకే పట్టింది. ఆకుతెగులు మీద ఏళ్ల తరబడి చేసిన పని. పట్టికలు, గ్రాఫులు తెగి కిందపడుతుంటే కొత్తగా చేరిన పిల్ల ఉండబట్టలేక, "అక్కా, ఇదంతా మీ కష్టం కదా!" అంది. "కష్టం నాదేనే. ఆగాల్సిన కాళ్లు చూసేవాళ్లవి" అంది అక్క, కత్తెర ఆపకుండానే. చివరికి పచ్చటి ఆకు బొమ్మ ఒకటి మిగిలింది. దాని కింద పెద్దక్షరాలతో ఒక్క మాట: "ఈ ఆకుకి జబ్బు చేసింది."

సదస్సు రోజున హడావిడిగా పోతున్న పెద్దాయన ఒకరు ఆ ఆకు ముందు టక్కున ఆగారు. "నిగనిగలాడుతోంది కదమ్మా, జబ్బని ఎలా చెప్పావు?" అక్క కళ్లజోడు సర్దుకుని మొదలెట్టింది. వెనక జనం పోగయ్యారు. వరండాలో తెగిపడ్డ అంకెలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా ఆ గొంతులోంచి లేచి వస్తుంటే, పిల్ల జనాన్ని తోసుకుని ముందుకి జరిగింది.