జాలరిపేట విన్న ఒలింపిక్ పరుగు

నాన్నకు పోర్టులో ఉద్యోగం దొరికి మేము గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చేటప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. పరుగు పిచ్చి నాకు ఇక్కడే అంటుకుంది. కాలేజీలో చేరాక నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌కు మారాను. కాలేజీ గ్రౌండు పేరుకే ఉండేది. అందుకని రోజూ పొద్దున్నే జాలరిపేట పక్కన సముద్రం ఒడ్డున తడి ఇసుకలో పరిగెత్తేదాన్ని.

ఎనభైల మొదట్లో ఆడపిల్ల నిక్కరు వేసుకుని పరిగెత్తడమంటే తమాషా చూసినట్టే చూసేవాళ్లు. కొందరు కుర్రాళ్లు రోడ్డు మీద సైకిళ్లాపి ఈలలు వేసేవాళ్లు. ఒకరోజు ఇసుకలోకి దిగి నా వెంటే పడ్డారు. పడవ దగ్గర చేపలు ఏరుతున్న ఒక పెద్దావిడ అది చూసి లేచింది. గంప నెత్తిన పెట్టుకుని మా క్వార్టర్లకు చేపలమ్మడానికి వచ్చే మనిషే.

“ఒరే, మీ ఇళ్లల్ల ఆడగుంటలు నేరా? ఆ గుంట పరిగెడతంటే మీకేటి నొప్పి?” అంటూ చేతికందిన తడి వల వాళ్ల మీదికి విసిరేసింది. ఒకడు కాళ్లకు వల చుట్టుకుని బోర్లా పడ్డాడు. ఒడ్డున ఉన్న ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. ఆ కుర్రాళ్లు మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. ఆ రోజు నుంచి నేనామెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ జరిగినప్పుడు మన దేశపు అమ్మాయి ఒకామె నా హర్డిల్స్ పరుగులోనే ఫైనల్‌కు చేరింది. ఆమె కూడా సముద్రపు ఇసుకలో సాధన చేసిందని పేపర్లో చదివి పొంగిపోయాను. పోటీ మనకు తెల్లవారుజామున. సరిగ్గా ముందురోజే మా రేడియో మూగబోయింది. ఆ మాట పెద్దమ్మ చెవిన పడేసరికి, “మా పడవలో తుపాను కబుర్లినే ట్రాన్సిస్టరుంది కదా, రా!” అంది. చీకట్లో నన్నొక్కదాన్నే పంపడం ఇష్టంలేక నాన్న కూడా వచ్చారు. అంతవరకూ ఆయన నన్ను పరిగెత్తొద్దనలేదు, పరిగెత్తుతుంటే చూడడానికీ రాలేదు.

పడవ అంచున ట్రాన్సిస్టరు పెట్టి అందరం చుట్టూ చేరాం. కామెంటరీ ఇంగ్లీషులో, హిందీలో వస్తోంది. ఆడవాళ్ల కళ్లన్నీ నా మీదే.

“ఏటంతన్నాడు? సెప్పు!” అంది పెద్దమ్మ.

“దారిలో అడ్డాలు పెడతారు పెద్దమ్మా. వాటి మీంచి దూకుతూ పరిగెత్తాలి.”

“పరుగెట్టేవోలికి అడ్డాలెట్టడమేటి, సోద్యం కాపోతే!”

ఎవరో తుపాకీ పేలకముందే కదిలారట, అందరూ వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టారు. ఆ తరువాత కామెంటేటరు వేగాన్ని నేను అందుకోలేకపోయాను. చెప్పడం మానేసి “ఇంకొంచెం, ఇంకొంచెం!” అని అరిచాను. ఆఖర్న ఆయన గొంతు ఎగిరింది. నేనూ ఎగిరాను. “మూడో స్థానం! పతకం!” ఆడవాళ్లు “ఓలమ్మో!” అంటూ నన్ను కావలించుకున్నారు. నాన్న చప్పట్లు కొట్టారు.

కాసేపటికి కామెంటేటరు గొంతు నెమ్మదించింది. ముగింపు గీత దగ్గర తీసిన ఫోటో చూసి తేల్చారట. మనమ్మాయి నాలుగోది.

“ఎంత తేడాలో?” నాన్న అడిగారు.

“సెకన్ని వంద ముక్కలు చేస్తే ఒక్క ముక్క,” అని చెబుతూనే నేను ఏడ్చేశాను.

పెద్దమ్మ దగ్గరికొచ్చి తన కొంగుతో నా ముఖం తుడిచింది. కొంగంతా చేపల వాసన. “లోకం మొత్తం మీద ఆ గుంట కంటే ముందున్నోలు ముగ్గురేనా? మరి ఏడుపెందుకే? నెగు. ఆ దూకడమేటో నువ్వు సూపించు, సూత్తాం.”

నేను కళ్లు తుడుచుకునేలోపే ఆడవాళ్లు గంపలు బోర్లించి వాటి మీద అడ్డంగా తెడ్లు పెట్టేశారు. అప్పటికి వెలుగొచ్చింది. నేను చీర కట్టుకుని ఉన్నాను. కుచ్చిళ్లు ఎగదోపి పరిగెత్తాను. మొదటి తెడ్డు దాటితే కేకలు, రెండోది దాటితే ఇంకా పెద్ద కేకలు. తరువాతిదానికి కాలు తగిలి తెడ్డు పడిపోయింది, నేనూ పడ్డాను. నవ్వుతారనుకున్నాను. నాన్న పరిగెత్తుకొచ్చి ముందు నన్ను లేపారు. తరువాత వంగి ఆ తెడ్డు తీసి మళ్లీ గంపల మీద సరిచేశారు.

“మళ్లీ వెళ్లమ్మా,” అన్నారు.

ఆ మాటతోనే నా కాలేజీ రోజులు గడిచాయి. డ్యూటీ లేని పొద్దుల్లో నాన్న నాతో ఇసుకలోకి వచ్చేవారు. యూనివర్సిటీ పోటీల్లో ఒకసారి రెండో స్థానం వచ్చింది. అంతకు మించి నేను ఎక్కడికీ పోలేదు. కానీ ఆ పరుగే నాకు పెందుర్తిలో ఒక బడిలో పి.ఇ.టి. ఉద్యోగం తెచ్చిపెట్టింది. జీవితమంతా ఆడపిల్లల్ని పరిగెత్తిస్తూ బతికే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది!

ఉద్యోగం వచ్చిందని తెలిసి పెద్దమ్మ వంజరం చేప పట్టుకుని మా ఇంటికొచ్చింది. నా పరుగు చూసి నలుగురూ ఏమనుకుంటారోనని అన్నాళ్లూ భయపడిన అమ్మ, ఆవిణ్ణి లోపల పీట మీద కూచోబెట్టి ఆ చేపే పులుసు పెట్టి వడ్డించింది. పెద్దమ్మ ఒక ముద్ద తిని అమ్మవైపు చూసి, “మీ గోదారోల పులుసు బాగుందమ్మా, కారమే తక్కువ,” అంది. అమ్మ నవ్వుతూ ఇంకో ముక్క వేసింది.