బాపు చెవుల్లో దూది పెట్టుకోలేదు

మొన్న నిజామాబాద్‌లో మా వీధిలోంచి పెళ్లి బరాత్ పోతుంటే టపాకాయల పొగ కిటికీలోంచి లోపలికొచ్చింది. ఆ మందువాసన ముక్కుకు తగలగానే, మరో చప్పుడు కాకముందే, నా చేతులు రెండూ వెళ్లి చదువుకుంటున్న నా బిడ్డ చెవులను గట్టిగా మూసేశాయి. అది నొస్తున్నదని చెప్పేదాకా వదల్లేదు.

సిరికొండ పక్కన మా ఊళ్లో ఎండాకాలమంటే ఆ వాసనే. ఉడికిన పసుపు ఘాటు గాలిలోంచి పోయీపోకముందే, జొన్నరొట్టెలోకి కొత్త మామిడికాయ తొక్కు నూరుకునే రోజుల్లోనే, ఎండిన బావుల అడుగున రాయిని పేల్చడం మొదలయ్యేది. రాతికి బొక్కలు కొట్టి, వాటిలో మందు తోటాలు కూరి, వత్తులు ముట్టించి, గబగబా పైకొచ్చి అందరినీ జరగమని కేకేసేవాళ్లు. మా బావి ఇంటి వెనక చేన్లోనే. కేక వినగానే అమ్మ నన్నూ తమ్ముణ్నీ ఆటలోంచి లాక్కొచ్చి, నూనెలో ముంచిన దూది చెవుల్లో పెట్టి, వడ్లగుమ్మి వెనక బోర్లా పడుకోబెట్టి, మీద బొంత కప్పేది. చీకట్లో తమ్ముడి వెచ్చటి ఊపిరి, పొట్ట కింద నేల అదరడం, పైకప్పు నుంచి రాలే మట్టి. మాకదీ ఒక ఆటే.

మా బావిలో వత్తులు ముట్టించేది బాపే. నెత్తికి పెద్ద రుమాలు మడతలు మడతలుగా చుట్టుకునేవాడు. దూది మాత్రం ముట్టేవాడు కాదు. అమ్మ ఎంత బతిమాలినా ఒకటే మాట.

"చెవులు మూసుకుంటే ఎన్ని పేలినయో ఎట్ల తెలుస్తది? ఒక్కటి మిగిలినా మనిషి పోతడు."

వానల్లేని ఒక ఏడు పశువులకు పట్టడానికి కూడా నీళ్లు లేవు. మా బావి పేల్చిన ఒక రోజు నిజంగానే ఒకటి మిగిలింది. బాపు బీడీ తాగి, ఇంకా చాలాసేపు ఆగి, వత్తి ఆరిపోయిందనుకుని బావిగడ్డ మీదికెళ్లి లోపలికి వంగాడు. అప్పుడు పేలింది. మేము బొంత విసిరేసి అమ్మ వెనక పరిగెత్తేసరికి బాపు వెల్లకిలా పడి ఉన్నాడు. రాయి తగిలిన చోట రుమాలు చిరిగింది కానీ తల పగల్లేదు. కుడిచెవిలోంచి సన్నగా రక్తం కారుతున్నది. తల పగల్లేదు కదా, గండం గడిచిందన్నారు చుట్టూ చేరినవాళ్లు.

బాపు కళ్లు తెరిచి అడిగాడు.

"నీళ్లు పడ్డయా?"

అమ్మ పడ్డాయన్నది. బాపు మళ్లీ అదే అడిగాడు. వాంతి చేసుకుని మళ్లీ అడిగాడు. అమ్మ అరిచి చెప్పింది, తల ఊపి చూపింది, చివరికి ఆయన రెండు చెంపలూ పట్టుకుని ఏడ్చింది. నిజామాబాద్ పోయే బస్సులో దారి పొడుగునా అదే ప్రశ్న. నీళ్లు పడలేదు.

మెదడు అదిరిందనీ, కర్ణభేరులు చినగడమే కాదు లోపలి నరాలూ పోయాయనీ, నెలల తరబడి కదలకుండా పడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. బాపు వెలుతురు ఓర్చుకోలేక తల పట్టుకుని చీకటి అర్రలోనే ఉండేవాడు. మేము చప్పుడు చేయకుండా నడిచేవాళ్లం, ఆయనకేమీ వినపడదని తెలిసి కూడా. అమ్మ రోజూ పొద్దున ఆయన వెనక నిలబడి ఇత్తడి పళ్లెం మీద గంటెతో కొట్టేది. తిరిగి చూస్తాడేమోనని నేనూ గడపలో నిలబడి చూసేదాన్ని. ఒకనాటి పొద్దున అమ్మ పళ్లెం తీసుకోలేదు. మూటలు కట్టింది. బోధన్ దిక్కు చెరుకు కొట్టడానికి పోయాం. అక్కడ నరికిన చెరుకు తీపి వాసన మధ్య బాపు మోపుల పక్కన కూర్చునేవాడు, బండి వస్తే ఎవరో ఒకరు పోయి భుజం పట్టి పక్కకు జరిపేవాళ్లు.

ఇప్పుడు ఊరినిండా బోర్లే. మా బావి పూడ్చేశారు, దాని మీద మక్కజొన్న వేస్తున్నారు. వడ్లగుమ్మి లేదు, అమ్మా లేదు. బాపు నా దగ్గరే ఉంటున్నాడు. చెవికి మిషన్ పెట్టించి చూశాను, లాభం లేకపోయింది. బడిలో పిల్లల మీద అరిచి అరిచి నా గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. నిన్న సాయంత్రం నా బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని బాపు చెప్తున్నాడు.

"మీ అమ్మది సన్న గొంతు బిడ్డా. పిలిస్తే పిట్ట కూసినట్టే ఉంటది."

బిడ్డ నావైపు చూసింది. నేను అవునని తల ఊపాను.