మిషనక్క మోటారు

మొన్న మా ఇంటికి కొత్త మిక్సీ వచ్చింది. కొబ్బరి కోరి సిద్ధంగా పెట్టుకున్న మా ఆవిడ, నేను మిక్సీని తలకిందులు చేసి అడుగున ఉన్న చిన్న రేకుమీద అంకెలు చదువుతూ కూర్చోవడం చూసి, "అదేమన్నా పెళ్ళికూతురి జాతకమా? ప్లగ్గు పెట్టండి" అంది. జాతకం చూడకుండా ఒకసారి పెళ్ళి చేశాను. ఆ పాపం ఇంకా తీరలేదు.

అల్లూరు అవతల, ఉప్పుగాలికి ఇనుప మేకులు కూడా బెల్లంలా కరిగిపోయే మా ఊరికి అరవైల మొదట్లో కరెంటు వచ్చింది. వచ్చిందంటే, నెల్లూరులో దర్జాగా బయల్దేరి, దారిపొడవునా ఊరూరికీ తనను తాను పంచిపెట్టుకుని, మా దగ్గరికి వచ్చేసరికి ఎముకలగూడై చేరేది. బల్బు వెలుగుతోందో లేదో చూడాలంటే అగ్గిపుల్ల గీయాలి. పాలిటెక్నిక్ వాళ్ళు మొదటి ఏడాదే నన్ను వద్దనుకున్నా, ఆ ఊళ్ళో కరెంటుకు నేనే బృహస్పతిని. ఇరవై రెండేళ్ళ వయసు, జేబులో టెస్టరు, నడకలో చీఫ్ ఇంజనీరు.

మా ఎదురింట్లో మిషనక్క ఉండేది. సాయిబుల ఇల్లు, ఊళ్ళో ఏ మతం రవికైనా ఆమె మిషను కిందినుంచి రావలసిందే. ఆమెది బోదకాలు. దాని మీద అప్పట్లో నేను వేసిన జోకులు ఇప్పుడు రాయడానికి చేయి రావడం లేదు. రోజంతా మిషను తొక్కితే సాయంత్రానికి ఆ కాలు ఉబ్బి, ఒళ్ళు కాలిపోయేది. ఇంకా తొక్కితే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. ఓడలో పనిచేసే ఆమె తమ్ముడు అది విని, ఏ దేశంలోనో మిషనుకు బిగించే చిన్న మోటారు కొని తెచ్చాడు. బొటనవేలితో తాకితే చాలు, సూది పరుగెత్తుతుంది. బిగించి వెళ్తూ, "అక్కా, ఇది నూటపది వోల్టులది. మన కరెంటు రెండొందల ముప్పై. తగ్గించే పెట్టె మద్రాసు నుంచి పంపిస్తా. అందాకా తగిలించబాక" అని నా ముందే చెప్పాడు.

నేనుండగా మద్రాసు పెట్టె ఎందుకు? మర్నాడు లైన్‌మన్ దగ్గర మీటరు అరువు తెచ్చి, వాళ్ళ ప్లగ్గులో పెట్టాను. చూడడానికి సగం జిల్లా వచ్చింది. అంటే పదకొండు మంది, ఒక మేక. ముల్లు నూటపదిహేను దగ్గర నిలిచింది.

"తమ్ముడు వద్దన్నాడే అబ్బయా" అంది మిషనక్క.

"మీ తమ్ముడికి సముద్రం తెలుసక్కా. కరెంటు నాకు తెలుసు."

తగిలించాను. మోటారు తుమ్మెదలా పాడింది. ఆమె ఒక లంగా అంచు కుట్టి, బోదకాలు బెంచీ మీదికి చాపుకుని, కదలని ఆ కాలివంక చాలాసేపు చూసుకుంది. నాకు సేమ్యా పాయసం పెట్టింది.

మీటరు తిరిగిచ్చేటప్పుడు లైన్‌మన్ నవ్వాడు. "రైసుమిల్లులో రెండు మోటార్లు తిరగతా ఉంటే నూటపదిహేను కాక ఏముంటాది సామీ? అది ఆగిపోనీ, ముల్లు రెండొందలు దాటి ఎగరతాది."

సాయంత్రమే ఆమెకు చెబుదామనుకున్నాను. వెళ్ళేసరికి వీధి ఆడవాళ్ళంతా చేరి నన్ను ఇంజనీరు అంటున్నారు. రేపు చెబుదామనుకున్నాను. కొత్త ధాన్యం రోజులు, మిల్లు రాత్రీపగలూ దడదడలాడుతూనే ఉంది. రెండు వారాలు ఆ 'రేపు' మీద బతికాను.

ఆ రోజు నేను మంగలి ముందు కూర్చుని ఉన్నాను. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ. ఉన్నట్టుండి ఊరు చెవుడు వచ్చినట్టు నిశ్శబ్దమైపోయింది. మిల్లు బెల్టు తెగిందని ఎవరో చెప్పారు. నాకు అర్థమైంది. ఆమె ఇల్లు వంద గజాలు. అయినా సగం గడ్డంతో ఇంజనీరు వీధిలో పరుగెత్తితే బాగుండదని, రెండో చెంప కూడా అయ్యేదాకా కూర్చున్నాను.

నేను వెళ్ళేసరికి కమురు వాసన. మోటారు నల్లబడి ఉంది. మిషనక్క నేరం చేసినదానిలా నిలబడింది.

"వేగం పెరిగింది అబ్బయా. సంబరంలో నేనే గట్టిగా తొక్కినానేమో."

"అయ్యుంటుందక్కా" అన్నాను.

నెల్లూరులో చూపిస్తే, ఇది బూడిద, దీనికి వైద్యం లేదన్నారు. ఆమె మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. పది రోజులకు మద్రాసు నుంచి పెట్టె వచ్చింది. "ఇది ముందే ఉండుంటే మోటారు బతికేదా?" అని అడిగింది. "పరదేశం సరుకక్కా, నమ్మలేం" అన్నాను. ఆ పెట్టెను ఆమె మిషను పక్కనే పెట్టుకుంది. తొక్కి తొక్కి అలసిపోయినప్పుడు వాచిన కాలు దానిమీద చాపుకునేది. మా వాకిట్లోంచి ఆ కాలు రోజూ కనిపించేది.

ఆ తరువాత చాలా ఏళ్ళు మేము ఎదురెదురుగానే ఉన్నాం. నిజం చెప్పడానికి వీధి దాటితే చాలు, కానీ అప్పుడు నాకెప్పుడూ తీరిక దొరకలేదు. ఇప్పుడామె లేదు; నాకు కావలసినంత తీరిక ఉంది.