గన్నేరు కొమ్మకు నెక్టరిన్ పండు

అది 2001, మే నెల. శామీర్‌పేటలో బస్సులు ఆగే చోట నాకొక ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పుట్టినరోజులు, ఇవే నా బతుకు. స్వతహాగా భయస్తుణ్ణి. తలంబ్రాల ఫోటో సరిగ్గా పడిందో లేదోనని, ప్రింట్లు చేతికొచ్చేదాకా నాకు అన్నం సహించేది కాదు. ఫిల్మ్ రోజుల్లో తీసింది వెంటనే కనబడదు కదా, ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఆ జబ్బు కొంత ఉండేది. కానీ ఆ మే నెలలో నేను పడ్డ భయం వేరు.

నా స్టూడియో ఉన్న షట్టర్ పటేల్‌ది. ఆయనకు వేరే పేరుంది గాని, చుట్టుపక్కల ఊళ్ళన్నీ పటేల్ అనే పిలిచేవి. తాతల నాటి భూమి. లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర దాన్ని ప్లాట్లుగా కొట్టి, పండ్లతోటలో సొంత ఇల్లు అంటూ అమ్మకానికి పెట్టాడు. తోట అంటే నిజానికి అక్కడ నాలుగు జామచెట్లు, దారి పొడుగునా గన్నేరు పొదలు. బ్రోషర్‌కి ఫోటోలు తియ్యమని నన్ను పిలిచాడు.

"జామకాయను ఎవడు జూస్తడు సత్తయ్యా? గిది జూడు," అని ఒక అట్టపెట్టె తెరిచాడు.

లోపల ఆరు పండ్లు ఉన్నాయి. నెక్టరిన్ అంటారట, నేను చూడడం అదే మొదలు. పీచ్ పండు జాతే గాని, పీచ్ మీద ఉండే నూగు దీనికి ఉండదు. తోలు నున్నగా, పసుపు మీద ఎరుపు పులిమినట్టు ఉంది. చలి ప్రాంతాల్లో కాస్తుంది. మన ఎండల్లో చెట్టు బతికినా కాయ పట్టదు. ఆ సంగతి పటేల్‌కు బాగా తెలుసు.

"మన చెట్టుకే కాసినట్టు దియ్యాలె. పెట్టెల ఉన్నట్టు గాదు," అన్నాడు.

పెట్టె మీద అచ్చేసిన బొమ్మలో ఆకులు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. జామాకు వెడల్పు, అది పనికిరాదు. చుట్టూ చూస్తే ఆ పోలిక ఉన్న ఆకు గన్నేరుకే ఉంది. ఆ ఆలోచన పటేల్‌ది కాదు, నాదే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మర్నాడు ఉదయం ఏడింటికి పని మొదలుపెట్టాను. దారంతో వేలాడదీస్తే దారం కనబడుతుంది. అందుకని గన్నేరు పుల్లల్ని వాడిగా చెక్కి ఒక కొస పండులో దించాను. రెండో కొసను సన్న తీగతో కొమ్మకు కట్టాను. గుచ్చిన చోటు కెమెరాకు కనబడకుండా పండును పక్కకు తిప్పాను. గన్నేరని పోల్చుకోకుండా ఆ పొద మీది పువ్వులూ మొగ్గలూ తుంచేశాను. గ్లిజరిన్‌లో నీళ్ళు కలిపి చిలకరిస్తే చుక్కలు జారకుండా మంచు పడ్డట్టు నిలుస్తాయి, అదీ చేశాను. థర్మకోల్ షీటును రిఫ్లెక్టర్‌గా పెట్టాను, అంటే ఎండను నీడ వైపు మళ్ళించే పలక అన్నమాట. చివరికి వ్యూఫైండర్‌లోంచి చూస్తే నాకే నోరూరింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సామాను సర్దుకుంటూ ఉండగా ఒక స్కూటర్ వచ్చి ఆగింది. దిగినవాళ్ళు వెంకట్రావుగారు, ఆయన భార్య పద్మగారు, పదేళ్ళ కూతురు లావణ్య. గోదావరి వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి యాప్రాల్‌లో అద్దెకుంటున్నారు. ప్లాట్ చూసుకోవడం అది రెండోసారి. నచ్చితే సోమవారం అడ్వాన్స్ ఇస్తామన్నారని పటేల్ నా చెవిలో ఊదాడు.

పద్మగారు పొద దగ్గర ఆగిపోయారు. "ఇదేం పండండీ? ఎంత ముద్దుగా ఉందో!"

"నెక్టరిన్ అమ్మా. మన తోటదే. మీ ప్లాట్ల గూడ రెండు చెట్లు వెట్టిస్త," అని పటేల్ వీపు అడ్డం పెట్టి తీగ విప్పి, రెండు పండ్లు పుల్లలతో సహా తెంపి లావణ్య చేతిలో పెట్టాడు.

ఆ పిల్ల పటేల్‌తో పాటు నాకూ థాంక్స్ చెప్పింది. నేను నవ్వాను.

పదిన్నరకు స్టూడియోకు చేరాను. ఆ పనికి అద్దెకు తెచ్చిన కెమెరాలో వాడేది వెడల్పాటి రోల్. పూర్తయ్యాక రోల్ విప్పుకోకుండా చివర్న ఒక బంక కాగితం ఉంటుంది, దాన్ని నాలుకతో తడిపి అంటించాలి. మిగిలిన రెండు ఫ్రేములు కానిచ్చి, రోల్ బయటికి తీసి, అలవాటుగా నాలుక ఆనించాను. చేదు. నోరంతా పాకే చేదు. బంకకు ఆ రుచి ఉండదు. వేళ్ళు వాసన చూసుకున్నాను. పొద్దుట పుల్లలు చెక్కినప్పుడు అంటిన గన్నేరు రసం వేళ్ళ మీద ఎండిపోయి ఉంది.

గన్నేరు విషమని తెలియనివాడెవడు? మా ఊళ్ళో నరికి పడేసిన గన్నేరు రొట్ట తిని ఒక పాడిబర్రె సాయంత్రానికల్లా నేలకొరిగింది, కళ్ళారా చూశాను. అయినా పొద్దుట నా కళ్ళకు అది గన్నేరుగా కనబడలేదు, బొమ్మలో ఆకుగానే కనబడింది. నోరు కడుక్కుంటుంటే ఆ పిల్ల చేతిలోని రెండు పండ్లు గుర్తొచ్చాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

స్కూటర్ మీద మళ్ళీ లేఅవుట్‌కు ఉరికాను. మిగిలిన నాలుగు పండ్లు పెట్టెలో ఉన్నాయి. వాటిని గుంటలో పడేసి మట్టి కప్పుతుంటే పటేల్ వచ్చాడు.

"ఏందిర గిది? పిచ్చి లేసిందా?"

"గన్నేరు పుల్లలు గుచ్చిన పటేలా! విషం గదా! గా పోరి తింటే ఎట్ల?"

"గంత జరంత దానికి ఏం గాదు. ఉత్తగ పరేషాన్ గాకు," అన్నాడు గాని ఆయన ముఖం కూడా పాలిపోయింది. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే రిజిస్టర్‌లో వాళ్ళ ఫోన్ నంబర్, అడ్రసు ఉన్నాయి. ఆయన సెల్ నుంచే చేశాను. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. అడ్రసు కాగితం మీద రాసుకొని స్కూటర్ ఎక్కుతుంటే పటేల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"పోతే పో. పండు సంగతి జెప్పు, చెట్టు సంగతి జెప్పకు. నీ షట్టర్ ఎవనిదో యాదికుంచుకో."

దారంతా ఆ రెండు సంగతుల్నీ విడదీయడం ఎలాగని ఆలోచిస్తూనే ఉన్నాను. బొలారం దగ్గర రైలు గేటు పడింది. గూడ్సు బండి, డబ్బాల మీద డబ్బాలు, తరగనే లేదు. ఆ పిల్ల ఇప్పటికి తినేసి ఉంటుంది, ఇప్పుడు వాంతి చేసుకుంటూ ఉంటుంది అని మనసు ఒకటే కీడు శంకించింది. గేటు లేచేసరికి ఒక అబద్ధం కుదిరింది. పండ్ల మీద పురుగుమందు కొట్టారని చెబుతాను. చెట్టు ఊసు రాదు.

పన్నెండు కావస్తుండగా ఇల్లు దొరికింది. వరండాలో లావణ్య బోర్లా పడుకొని బొమ్మ గీస్తోంది. ఎదురుగా పళ్ళెంలో ఒక నెక్టరిన్, పుల్లతో సహా.

"తిన్నవా బిడ్డా? గిది తిన్నవా?"

"లేదంకుల్. బొమ్మ అయ్యేదాకా కొయ్యొద్దన్నాను అమ్మని. చూడండి, ఈ కాడ పైన గుంటలో లేదు. పక్కన గుచ్చినట్టుంది. ఎందుకలాగుంది? నేను ఉన్నదున్నట్టే వేశాను."

పుస్తకంలోకి చూశాను. పొద్దుట నేను కెమెరాకు కనబడకుండా తిప్పిన చోటు ఆ కాగితం మీద పెన్సిల్ గీతల్లో స్పష్టంగా ఉంది. తోలు చిట్లిన చిన్న గీత కూడా వదల్లేదు.

"ఇంకో పండేది?"

పద్మగారు వంటింట్లోంచి వచ్చారు. "అది నేను తిన్నానండీ. ఈయనకి షుగరు కదా. తియ్యగానే ఉంది గాని, ఒక పక్క కాస్త చేదు తగిలింది. గింజ చేదేమో అనుకున్నా." ఆవిడ ముఖానికి చెమట పట్టి ఉంది. "ఎండలో తిరిగొచ్చామేమో, కాస్త వికారంగా ఉంది."

"అమ్మా, గా పండ్లకు మందు గొట్టిన్రంట. జల్దీ దవాఖానకు పోవాలె."

వెంకట్రావుగారు ఇంకో మాట అడగలేదు. దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ పద్మగారి చెయ్యి పట్టుకొని గడియారం చూసుకుంటూ అడిగింది.

"ఏం మందు?"

"తెల్వదు మేడం."

"డబ్బా తెప్పించండి. అదేంటో తెలీకుండా నేనేం ఇవ్వను? ఒకదానికి ఇచ్చే వైద్యం ఇంకోదానికి ఇస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది." మళ్ళీ గడియారం చూసింది. "నాడి నెమ్మదిగా కొడుతోంది."

తలుపు దగ్గర లావణ్య బొమ్మల పుస్తకం గుండెకు హత్తుకొని నిలబడి ఉంది.

"మందు గాదు మేడం. గన్నేరు."

"పండులోకి గన్నేరెలా వచ్చింది?"

"నేనే గుచ్చిన. అది గా చెట్టుకు కాసిన పండు గాదు. కొనుక్కొచ్చిన్రు. ఫోటో కోసమని గన్నేరు పుల్లలు గుచ్చి, గన్నేరు కొమ్మకు గట్టిన. గా తోటల నెక్టరిన్ చెట్టే లేదు."

వెంకట్రావుగారు నా వైపు చూశారు. డాక్టరమ్మ మమ్మల్నందర్నీ బయటికి పంపేసింది.

ఆ తర్వాత ఐదు గంటలు వరండా బెంచీ మీద గడిచాయి. లోపల ఈసీజీ తీశారు, అంటే గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతలుగా చూపించే పరీక్ష. గంటకోసారి మళ్ళీ తీశారు. రెండింటికి ఆవిడకు వాంతులయ్యాయి, నర్సు పరుగెత్తింది. ఆవిడకేమైనా అయితే ఆ పిల్ల ముఖం ఎలా చూడాలో తెలియలేదు. మా నాయిన పోయినప్పుడు కూడా నేను అంతగా మొక్కుకోలేదు.

ఐదు దాటాక డాక్టరమ్మ బయటికొచ్చింది. "నాడి దారిలో పడింది. పుల్ల రసం పండులోకి పెద్దగా దిగినట్టు లేదు. రేపటిదాకా ఇక్కడే ఉంచుదాం. గండం గడిచినట్టే," అంది. నేను గోడకు ఆనుకొని ఏడ్చాను, సిగ్గుపడలేదు.

వాళ్ళు ప్లాట్ కొనలేదు. ఆ రోల్‌ను నేను కడిగించలేదు, వెలుతుర్లో బయటికి లాగి పాడు చేశాను. నెలాఖరుకు పటేల్ షట్టర్ ఖాళీ చేయించాడు. సూరారంలో ఫ్యాక్టరీ కార్మికులుండే వీధిలో చిన్న గది తీసుకొని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ నష్టం నన్నేమీ చెయ్యలేదు. ఆ సాయంత్రం నర్సింగ్‌హోమ్ మెట్ల మీద వెంకట్రావుగారు అడిగిన మాటే ఇప్పటికీ నన్ను వదల్లేదు.

స్కూటర్ తీయబోతుంటే ఆయన వెనకే వచ్చారు. "మీరు రాకపోతే అది ఉత్త ఎండదెబ్బ అనుకొని పడుకోబెట్టేవాళ్ళం. ఆ మేలు మర్చిపోను," అన్నారు. "ఒక్కటి అడుగుతాను. మా ఆవిడ ఆ చెట్టును చూసే ఆ ప్లాట్ కావాలంది. మీరు గుచ్చింది వేపపుల్ల అయ్యుంటే, వచ్చి చెప్పేవారా?"

ఆయన జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయారు.

ముప్ఫై ఏళ్ళు ఈ పనిలో ఉన్నాను. ఫోటో చెడుతుందని భయపడడం ఈ వృత్తి నాకు మొదటి రోజే నేర్పింది. ఫోటో బాగా వస్తే కూడా భయపడాలని ఆయన ప్రశ్న నేర్పింది. జవాబు నాకు ఆ మెట్ల మీదే తెలుసు. వేపపుల్ల అయ్యుంటే నేను వచ్చేవాణ్ణి కాదు.