అరబ్బోని ఇల్లు

1948. పోలీసు యాక్షన్ అయిన కొత్త. మిర్యాలగూడలో నేను మంత్రసానిని. మా అమ్మ దగ్గర నేర్చిన పని. అక్షరాలు మాత్రం ముసలితనంలో వచ్చాయి. అలంకారాలు నాకు రావు, ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆ పొద్దున ఖాసింబీకి తొలికాన్పు. ఆమె భర్త సాలెం సంతలో బస్తాలు కుట్టేవాడు. అతని తండ్రి దొర గడీ కాపలాకని అరబ్ దేశం నుంచి వచ్చినవాడు, తల్లి వేములపల్లి మనిషి. ఇద్దరూ పోయారు. నిజాం కొలువులోని అరబ్బులను వాళ్ల దేశానికి పంపేస్తున్నారని వింటున్నాం. సాలెం ఏ కొలువులోనూ లేడు, పుట్టింది ఇక్కడే. అతని జోలికి రారనుకున్నాం.

డాక్టర్లు క్రౌనింగ్ అంటారే, బిడ్డ తల కనబడటం, అది ఇంకా మొదలవలేదు. వాకిట్లో బూట్ల చప్పుడు. జవాన్లతో మిలిటరీ ఆఫీసరు, అతని మాట తెలుగులో చెప్పడానికి కోదాడ వైపు గుమాస్తా.

"మీ దేశం ఏదయ్యా?" అని సాలెంను అడిగాడు గుమాస్తా.

"మిర్యాలగూడెమే. ఇంకేడుంటది?"

"మొహం చూస్తే అరబ్బువి."

"మొఖం మా నాయిన ఇచ్చిండు సార్, మాట మా అమ్మ ఇచ్చింది."

"అరబ్బీలో మాట్లాడు చూద్దాం."

"నమాజుల సదివేటియే వస్తయ్. గవి అల్లాకు తప్ప ఎవ్వలికీ సమజ్ గావు."

జవాన్లు చెయ్యి పట్టుకున్నారు. నేను బయటికొచ్చాను.

"ఈ సాలెం పిలగాని బొడ్డు ఆ దానిమ్మ చెట్టు కిందనే మా అమ్మ పాతిపెట్టింది. తవ్వి సూస్కో!"

పుట్టినచోట బొడ్డూ మాయా మట్టిలో పెట్టడం మా పనిలో భాగం. మనిషి ఆ మన్నువాడైపోతాడని నమ్మకం.

గుమాస్తా నవ్వాడు. "అది ఇన్నేళ్లు మిగులుద్దా అమ్మా? అయినా మేం వెతుక్కుంటూ రాలేదు. ఊళ్లో ఎవర్నడిగినా 'అరబ్బోని ఇల్లు గదే' అని చూపించారు."

"అక్కా, ఆమె పైలం," అన్నాడు సాలెం. అతణ్ణి ఎక్కించుకుని లారీ సూర్యాపేట దారి పట్టింది.

మగపిల్లవాడు పుట్టాడు. మాయను, అదే మీ ప్లాసెంటాను, చట్టిలో పెట్టి దానిమ్మ వైపు నడుస్తుంటే ఖాసింబీ అంది:

"గీడ పాతిపెడితె ఏమొస్తదక్కా? ఆయనది గూడ గీడనే ఉన్నది గదా."

నేను ఆ చెట్టు కిందే గుంట తీశాను. పాతిపెట్టాను.

సాలెం మళ్లీ రాలేదు. ఓడ ఎక్కించారని చెప్పుకున్నారు. ఆ దేశం వెళ్లొచ్చిన ఒకాయన చాలా ఏళ్లకు కబురు తెచ్చాడు: బతికే ఉన్నాడట, బస్తాలే కుడుతున్నాడట, అక్కడివాళ్లు అతణ్ణి 'హిందీవాడు', అంటే హిందుస్తాన్ మనిషి, అని పిలుస్తారట.

చేతిలో పడ్డ ప్రతి బిడ్డ కూడా, పేరు పెట్టేదాకా, నాకు ఒక్కతీరే. ఊరు పెట్టే పేరు వేరు. అది ముద్దుగా పెట్టినా సరే, ఒకనాడు మనిషిని పట్టిస్తుంది. ఈ కాన్పు నాకు నేర్పింది అదే. మిగతావాళ్లకు నేర్పలేకపోయాను. సాలెం ఇల్లు ఏదని అడగండి, ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. అరబ్బోని ఇల్లంటే వేలు పెట్టి చూపిస్తారు.